స్వయంగా విచారించగా

గోడకు వెంకటేశ్వరస్వామి క్యాలెండరు కొత్తగా వేలాడుతోంది. అంతకుముందు అక్కడున్న పటం ఇంకా పెద్దదై ఉండాలి. ఆ పటం కప్పిన మేర గోడ పొగ పట్టకుండా తెల్లగా మిగిలి, క్యాలెండరు చుట్టూ చట్రం కట్టినట్టు కనిపిస్తోంది.

రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ రేణుకాదేవి వాకిట్లో చెప్పులు విడుస్తూనే అది చూసింది. చూడటానికే వచ్చింది. రాళ్లదిన్నె ఎస్సీ కాలనీలో ఒక ఇంట్లో ఏ దేవుడున్నాడో చూసి రమ్మని ఆమెను పంపించారు.

ఆ ఊరి అంగన్‌వాడీ టీచరు పోస్టు ఎస్సీలకు కేటాయించినది. రమణికి వచ్చింది. ఉత్తర్వు చేతికి రాకముందే ఎవరో పేరు లేకుండా అర్జీ పెట్టారు. రమణి కుటుంబం క్రైస్తవంలో కలిసిపోయిందనీ, వాళ్ళు ఇక ఎస్సీలు కారనీ, కుల ధ్రువపత్రం రద్దు చెయ్యాలనీ దాని సారాంశం. "మీరే పోయి స్వయంగా విచారించి రిపోర్టు ఇవ్వండమ్మా" అన్నాడు తహసీల్దారు. "ఇంట్లో ఏ పటాలున్నాయి, పెళ్లి ఏ పద్ధతిలో జరిగింది, గుడికి పోతారా చర్చికి పోతారా, అన్నీ రాయండి." తన కుర్చీ వెనక ఉన్న లక్ష్మీదేవి పటానికి రోజూలాగే అగరొత్తులు తిప్పుతూ చెప్పాడు ఆ మాట. ఆ పటం సంగతి ఎవరూ విచారించేది కాదు.

"కూర్చోండి మేడమ్" అని రమణి ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి వేసింది. ఆమెకు ముప్పై లోపే ఉంటుంది. ఇంటర్ చదివింది. పెళ్లి కూడా అదే కాలనీలో చేసి ఇచ్చారు. భర్త బెంగుళూరులో సెంట్రింగ్ పనికి పోయి ఉన్నాడు. తల్లి హన్నమ్మ గోడకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. ఆమె నొసటన ఎర్రటి బొట్టు. సరిగ్గా కుదరక కాస్త ఎడమకు జరిగింది. అంచులు చెమటకు కరుగుతున్నాయి. ముసలామె మాటిమాటికీ చెయ్యెత్తి దాని దాకా తీసుకుపోయి, కూతురి వైపు చూసి, మళ్ళీ దించుకుంటోంది.

"హన్నమ్మా, నీ మొగుడేం చేస్తాడు?" అంది రేణుక ఫైలు తెరుస్తూ.

"చచ్చిపోయి నాలుగేండ్లాయ తల్లీ."

రేణుక పెన్ను ఆగింది. భర్త పోయిన ఆడవాళ్ళకు తమ ఇళ్ళలో బొట్టు ఎట్లా తీసేస్తారో ఆమెకు తెలుసు. హిందువులమని చూపించుకోవడానికి పెట్టుకున్న బొట్టే పొరపాటు బొట్టు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేసి, "ఆ పేరెట్లా వచ్చింది నీకు?" అని అడిగింది.

"మాయమ్మకు కాన్పు కష్టమై మిషనాస్పత్రికి తీసకపోయినారంట. ఆడ నర్సమ్మ పేరది. బతికించిందని మా నాయన ఆ పేరే పెట్టినాడు."

"ఏ దేవుణ్ణి కొలుస్తావు?"

హన్నమ్మ బదులు చెప్పలేదు. రమణి గబుక్కున అందుకుంది. "అన్ని దేవుళ్ళను మొక్కుకుంటాం మేడమ్. పోలేరమ్మకు పొంగలి పెడతాం. నా పెండ్లికి తాళి కట్టినాడు మా ఆయన."

"నేను అమ్మను అడిగినాను."

"ఆమెకు సరిగ్గా వినపడదు మేడమ్."

హన్నమ్మకు బాగానే వినపడుతోందని ముగ్గురికీ తెలుసు. రేణుక ఫైలు మూసింది. అడగడానికి ఇంకా ఉన్నాయి గానీ ఆ బొట్టు వైపు చూస్తూ అడగబుద్ధి కాలేదు. గొంతు తగ్గించి, తన పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "చూడు రమణీ, చట్టం అట్లా ఉంది. మతం మారితే కులం మారినట్టే లెక్క. ఎస్సీ కాస్తా బీసీ అవుతుంది. పోస్టు పోతుంది."

"కాగితంలో మారతాదేమో మేడమ్, ఊళ్ళో మారదు కదా" అంది రమణి. ఎదిరించినట్టు కాదు, ఉన్న మాట చెప్పినట్టు.

తిరిగి పోతూ రామాలయం అరుగు దగ్గర ఆగింది రేణుక. గుడి ముందు దేవాదాయ శాఖ నీలం బోర్డు, దాని కింద ధర్మకర్తల మండలి ఛైర్మన్ పెంచలనరసింహం పేరు ఉన్నాయి. ఆయన పరుగున వచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించాడు. పొగాకు, మినుములు పండించే మోతుబరి. ఆత్మకూరులో రేణుక భర్త నాగేంద్రబాబు నడిపే హోల్‌సేల్ కిరాణా షాపులో ఏడాది పొడుగునా గుడి సరుకులు కొనేది ఆయనే.

"వాళ్ళు ఎన్నడూ గుడి మొగం చూడలేదు మేడమ్. ఉండే మాట చెప్తే తప్పేముండాది? రాసుకోండి" అన్నాడు.

ఎందుకు చూడలేదని రేణుక అడగలేదు. మజ్జిగ తాగుతూ ఆలోచించింది. పాపం, చదువుకున్న పిల్ల. ఒక్క పూట గుడికి వచ్చి అర్చన చేయించుకుంటే, తాను కళ్ళారా చూసి రాస్తే, అర్జీ పెట్టినవాడి నోరు మూతపడుతుంది. ఆ ఆలోచన తట్టగానే మనసు తేలికైంది. జీపు ఎక్కేముందు రమణికి ఫోన్ చేసింది. "శనివారం పొద్దున మీ అమ్మను పిలుచుకుని గుడికి రా. నేనుంటాను. టెంకాయ కొట్టించు. మిగతాది నేను చూసుకుంటా."

"మీరుంటారు కదా మేడమ్?" అంది రమణి.

"చెప్పినా కదా, ఉంటాను."

*

శనివారం ఆత్మకూరులో తొలి బస్సు పట్టుకుని వచ్చింది రేణుక. పట్టుచీర కట్టుకుంది. ఆఫీసు పని మీద పోతూ పట్టుచీర ఎందుకని భర్త నవ్వితే, గుడికి కదా అంది.

పెంచలనరసింహం ఎదురొచ్చి ముఖమండపంలోకి తీసుకుపోయి, స్వామికి ఎదురుగా నిలబెట్టాడు. పూజారి గోత్రం అడిగి, భర్త పేరు, పిల్లల పేర్లు అడిగి అర్చన మొదలుపెట్టాడు. కర్పూరం వాసన, పాదాలకు తడి రాతి చల్లదనం హాయిగా ఉన్నాయి. కళ్ళు మూసుకుంది. ఎందుకు వచ్చిందో ఆ కాసేపు నిజంగానే మరిచిపోయింది.

కళ్ళు తెరిచి వెనక్కి తిరిగేసరికి మెట్ల కింద ఇద్దరూ నిలబడి ఉన్నారు. హన్నమ్మ తలకు నూనె పెట్టి నున్నగా దువ్వింది రమణి. ముసలామె చేతిలో స్టీలు పళ్ళెం, అందులో టెంకాయ, పూలు, అరటిపళ్ళు. నొసటన ఈసారి విబూది ఉంది. ఎవరో చెప్పి ఉంటారు. పళ్ళెం కింద రమణి తన చెయ్యి ఆనించింది.

రమణి రేణుకను చూసింది. చూసి, మొదటి మెట్టు ఎక్కింది.

"ఆడనే, ఆడనే" అన్నాడు పెంచలనరసింహం. కసిరినట్టు కాదు. నవ్వుతూనే, ఎదురుగా వచ్చే ఆవును పక్కకు అదిలించినట్టు చెయ్యి ఊపాడు. "పూజారి ఆడికే తెస్తాడు లేమ్మా. మేడమ్ చూస్తానే ఉండారు. మీకు కావాల్సింది అదే కదా."

రమణి రెండో మెట్టు మీద కాలు పెట్టి ఆగింది. అతని వైపు చూడలేదు. రేణుక వైపే చూస్తోంది. మండపంలో కూర్చున్న ఊరి ఆడవాళ్ళు నలుగురైదుగురు మాటలు ఆపేశారు. పూజారి హారతి పళ్ళెం పట్టుకుని ఎటూ కాకుండా నిలబడ్డాడు.

గుడిలోకి రానీయకపోవడం నేరమని రేణుకకు తెలుసు. అలాంటిది కంటబడితే పైకి తెలియజెయ్యడం తన ఉద్యోగ ధర్మమని ట్రైనింగులో నేర్పిన సంగతీ తెలుసు. "రానీండి" అనే ఒక్క మాట చాలు. ఆ మాట గొంతులో ఉంది కూడా. కానీ పెంచలనరసింహం ఆమె వైపు తిరిగి, సాటి పెద్దమనిషిని చూసినట్టు చూసి నవ్వాడు. మండపంలోని ఆడవాళ్ళు ఆమె పట్టుచీర వైపు చూస్తున్నారు. ఇక్కడ గొడవైతే అసలు పని చెడుతుందనిపించింది.

"అక్కడే ఉండండి లేమ్మా" అంది రేణుక. "ఎక్కడుంటే ఏముంది, దేవుడు కనిపిస్తున్నాడు కదా."

రమణి కాలు వెనక్కి తీసుకుంది.

పూజారి దిగి వచ్చి టెంకాయ తీసుకుని, గోత్రం అడక్కుండానే ఏదో చదివి, కొట్టుకొచ్చి చిప్పలు పళ్ళెంలో పైనుంచి జారవిడిచాడు. తీర్థం కూడా ఎత్తునుంచే పోశాడు. హన్నమ్మ దోసిలి పట్టింది. సగం వేళ్ళ సందుల్లోంచి మట్టిలోకి కారిపోయింది. మిగిలిన నీళ్ళను తాగాలో, తలకు రాసుకోవాలో, కింద పారబోస్తే తప్పవుతుందో తెలియక, ఆ ముసలామె దోసిలి అట్లాగే పట్టుకుని, చేతులు ఆరిపోయేదాకా నిలబడింది. రేణుక స్వామి వైపు తిరిగి మళ్ళీ దండం పెట్టుకుంది.

*

సోమవారం రిపోర్టు రాసింది. రాయడంలో ఆమెకు మంచి పేరుంది. "నేను స్వయంగా గ్రామమునకు వెళ్లి విచారించగా, సదరు రమణి మరియు ఆమె తల్లి హిందూ ఆచారములనే పాటించుచున్నారనియు, గ్రామస్తులందరితో పాటు రామాలయమున ప్రవేశించి అర్చన చేయించుకొనుచున్నారనియు, గ్రామమున ఎట్టి వివక్ష లేదనియు నా దృష్టికి వచ్చినది." ఆఖరి మాట ఎవరూ రాయమనలేదు. రాస్తుంటే వాక్యం నిండుగా ఉంటుందని చేర్చింది.

తహసీల్దారు చదివి, "బాగుందమ్మా, ఇంక ఎవడూ వేలు పెట్టలేడు" అని సంతకం చేశాడు. రేణుకకు సంతోషమేసింది. ఒక ఆడపిల్లకు దారి చేశానన్న తృప్తితో వరండాలోకి వచ్చి ఫోన్ చేసింది.

"అయిపోయింది రమణీ. సర్టిఫికెట్‌కు ఢోకా లేదు."

"మంచిది మేడమ్. ఏమని రాసినారు?"

చెప్పింది. అవతల దూరంగా ఎక్కడో మేకలు అరుస్తున్నాయి.

"లోపలికి పోయినామని రాసినారా?"

"అట్లా రాస్తేనే కదా నీకు మేలు."

"మా అమ్మ ఆ పొద్దు నుంచి అన్నం సరిగ్గా తినడం ల్యా మేడమ్. మేం లోపలికి పోయినామని ఆమెకు కూడా చెప్పమంటారా?"

ఫోన్ కట్టయింది.

ఆ సాయంత్రమే రమణి పోలీస్ స్టేషనుకు పోయి, గుడి మెట్ల మీద తమను ఆపారని పెంచలనరసింహం మీద ఫిర్యాదు ఇచ్చిందని మర్నాడు ఆఫీసంతా గుప్పుమంది. తహసీల్దారు తల పట్టుకున్నాడు. "మనం దాని మంచికి చేస్తే అది మన మెడకే చుట్టింది" అన్నాడు. ఆ మధ్యాహ్నమే పెంచలనరసింహం ఆఫీసులో ఎవరినో పట్టుకుని రేణుక రిపోర్టు కాపీ సంపాదించాడు. గ్రామమున ఎట్టి వివక్ష లేదని గవర్నమెంటే రాసి ఇచ్చిన కాగితం. దాన్ని మించిన సాక్ష్యం ఆయనకు అక్కర్లేదు.

రేణుక ఇల్లు చేరేసరికి, ఇంటికి ఆనుకున్న షాపు ముందు ఆయన కారు ఉంది. నాగేంద్రబాబు కూల్‌డ్రింకు ఇచ్చి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. బల్ల మీద పులిహోర, స్వామికి కప్పి తీసిన శేషవస్త్రం.

"స్వామివారి ప్రసాదం మేడమ్. మీ చలవ వల్ల మా ఊరి పరువు నిలబడింది. ఎస్సీల కేసని డీఎస్పీ గారే చూస్తారంట, మిమ్మల్ని కూడా పిలుస్తారు. మీరు రాసిందే మీరు చెప్తే చాలు" అని లేచి చేతులు జోడించాడు.

ఆయన పోయాక నాగేంద్రబాబు, "ఏమైంది నీకు, ముఖం అట్లా పెట్టినావు? నీ పోస్టు, ఆ పిల్ల పోస్టు, ఊళ్ళో శాంతి, అన్నీ ఒక్క కాగితంతో దక్కినాయి కదా" అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే మాట పొద్దున్నుంచీ తనకు తాను చెప్పుకుంటోంది. శేషవస్త్రాన్ని లోపలికి తీసుకుపోయి ఎక్కడ పెట్టాలో తోచక, వంటింటి గూట్లో పప్పుల డబ్బాల వెనక పెట్టింది.

*

మర్నాడు ఆఫీసుకు పోకుండా ముందుగా రాళ్లదిన్నెకు పోయింది. రమణితో మాట్లాడాలని. ఇప్పుడు తాను మాట మారిస్తే రిపోర్టు మొత్తం అబద్ధమని తేలుతుంది, ధ్రువపత్రం మళ్ళీ విచారణకు వస్తుంది, కేసు వెనక్కి తీసుకుంటే నీకే మంచిదని నచ్చజెప్పాలని బస్సులో మాటలు కూర్చుకుంటూ వచ్చింది.

రమణి ఇంట్లో లేదు. హన్నమ్మ వాకిట్లో కూర్చుని చేటలో కందులు చెరుగుతోంది. నొసట ఏమీ లేదు. లోపల గోడమీద పాత పటం తన చోటికి తాను వచ్చేసింది. గొర్రెపిల్లను భుజాన వేసుకున్న ఏసుప్రభువు. రేణుక దాన్ని చూసిందని హన్నమ్మ గమనించింది. దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"కూర్చో తల్లీ. పాప ఆత్మకూరుకు పోయినాది, వకీలును చూడను."

రేణుక అరుగు అంచున కూర్చుంది. "నీ కూతురు తొందరపడింది హన్నమ్మా. ఆ పోస్టు..."

"ఆ పోస్టు కోసరమే కదా నేను గుడికాడికొచ్చింది." హన్నమ్మ చేట ఆపలేదు. పొట్టు ఎగిరి వాళ్ళిద్దరి మధ్యా పడుతోంది. "మా ఆయన చచ్చిపోయిన పొద్దు ఊళ్ళోవాళ్ళు ఒకరూ ఇటు తిరిగి చూడలా. ప్రార్థనకు వచ్చేవాళ్ళు వచ్చి ఎత్తుకపోయినారు. అప్పుటి నుంచి ఆదివారం పోతాను. ఆడ నా పక్కన కూర్చుంటారు, అంతే తల్లీ, ఇంకేం లేదు. నువ్వు ఏ దేవుణ్ణి కొలుస్తావని అడిగినప్పుడు నోరు తెరవలా. గుడికాడ చేతులు జోడించినాను. నా దేవుణ్ణి నేను కాదన్నాను. బిడ్డ కోసరం. దానికి రోజూ ఏడస్తా ఉండాను, ఆయనా నేనూ చూసుకుంటాంలే."

చేట ఆగింది. ముసలామె తలెత్తి, కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"నువ్వు ఎవురి కోసరం అబద్ధం రాసినావు తల్లీ?"

మీ కోసమే అనబోయింది రేణుక. ఆ రెండు మాటలూ నాలుక మీద సిద్ధంగా ఉన్నాయి. కానీ గ్రామమున ఎట్టి వివక్ష లేదు అనే వాక్యం వీళ్ళకు ఏ రకంగా పనికొస్తుందో ఎంత వెతికినా దొరకలేదు. ఎవరి నవ్వు కోసం, ఎవరి మర్యాద కోసం అది రాసిందో తెలిసే సరికి ముఖం వేడెక్కింది. బస్సులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ చెప్పకుండా లేచి వచ్చేసింది.

*

డీఎస్పీ ఆఫీసు ఆత్మకూరులోనే, ఆమె ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఉంది. వరండాలో ఒక వైపు పెంచలనరసింహం, ఊరి పెద్దలు. ఇంకో వైపు బెంచీ మీద రమణి ఒక్కతే. రేణుకను చూసి ఊరి పెద్దలు లేచి నిలబడ్డారు. రమణి లేవలేదు.

లోపల డీఎస్పీ ఆమె రిపోర్టును ముందు పెట్టుకుని ఉన్నాడు. "ఇది మీరు రాసిందేనా మేడమ్? కన్‌ఫర్మ్ చేస్తే చాలు, రెండు నిమిషాల పని."

"నేను రాసిందే సార్. నిజం కాదు."

ఆయన తలెత్తాడు. పక్కన టైపు చేస్తున్న కానిస్టేబుల్ చెయ్యి ఆగింది.

"వాళ్ళు లోపలికి రాలేదు. రానీలేదు. ఛైర్మన్ గారు మెట్ల మీద ఆపారు" అంది రేణుక. "నేను లోపలున్నాను. చూశాను."

"చూసి ఊరుకున్నారా?"

ఇక్కడితో ఆగవచ్చు. అవునంటే చాలు, అది కూడా నిజమే. రేణుక చీర చెంగు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది.

"ఊరుకోలేదు సార్. అక్కడే ఉండండి అని నేను కూడా అన్నాను. ఆయన చెప్పినప్పుడు ఆ పిల్ల వెనక్కి తగ్గలేదు, నా వైపు చూసింది. నేను అన్న తరువాతే కాలు వెనక్కి తీసుకుంది."

డీఎస్పీ రిపోర్టును పక్కకు పెట్టాడు. "ఇది రికార్డు చేస్తే మీ మీద కూడా చర్య ఉంటుంది. తెలుసు కదా?"

"తెలుసు సార్."

"ఆ అమ్మాయి సర్టిఫికెట్ మీద మళ్ళీ వేరే వాళ్ళతో ఎంక్వయిరీ వేస్తారు."

రేణుక తల వంచుకుంది. కానిస్టేబుల్ టైపు చేశాడు. డీఎస్పీ చదివి వినిపించాడు. రేణుక సంతకం పెట్టింది.

బయటికి వచ్చేసరికి వరండాలో పెంచలనరసింహం ఎదురొచ్చాడు. ఆమె ముఖం చూసి ఏదో అర్థమై నవ్వు మాయమైంది. ఏమీ అడక్కుండా పక్కకు తప్పుకున్నాడు. రేణుక నేరుగా బెంచీ దగ్గరికి పోయింది. కూర్చోమని రమణి అనలేదు. రేణుక నిలబడే మాట్లాడింది.

"జరిగింది జరిగినట్టు చెప్పినాను రమణీ. ఎంక్వయిరీ మళ్ళా వేస్తారంట. నా వల్ల..."

"వెయ్యనీండి" అంది రమణి. కాస్త ఆగి, "అంతా చెప్పినారా?" అంది.

"అంతా. నేనన్న మాట కూడా."

రమణి మొదటిసారి ముఖమెత్తి ఆమెను సూటిగా చూసింది. ఆ చూపులో మెచ్చుకోలు లేదు, కోపం కూడా లేదు. అయ్యో అన్నట్టుంది.

"అది ఎందుకు చెప్పినారు మేడమ్? మా కంప్లయింటులో మీ మాటే లేదు."

"లేదా?"

"రాయబోయినాను. మా అమ్మ రాయనీలా. ఆడకూతురు, పిల్లలు గలది, ఉజ్జోగం పోతాది, ఆ మాట వద్దని ఒకటే ఏడుపు. స్టేషన్లో నా చెయ్యి పట్టుకోని కూర్చోనింది, నేను సంతకం పెట్టిందాకా."

రాళ్లదిన్నె రమణి ఎవరమ్మా అని లోపల్నుంచి కానిస్టేబుల్ కేకేశాడు. రమణి లేచి కొంగు సర్దుకుని లోపలికి పోయింది.

రేణుక ఆ బెంచీ పక్కనే నిలబడిపోయింది. ఇల్లు నాలుగడుగుల దూరం. అటు పోలేదు. బెంచీ ఖాళీగానే ఉంది. కూర్చోవడానికీ మనసొప్పలేదు.